గుండెకు కరెంటు, మొహల్లాకు ఇమ్దాద్

తారీఖ్ అనగానే మనకు ఖిలాలు, సుల్తానులు, జంగులు గుర్తొస్తాయి. చార్మినార్ ఎవరు కట్టించారో మన పిల్లలను అర్ధరాత్రి లేపి అడిగినా చెప్తారు. మాషాఅల్లాహ్, చెప్పాలి కూడా. నాకు మాత్రం కొన్నాళ్లుగా చిన్న వస్తువుల తారీఖ్ మీదికి మనసు పోతున్నది. ఈసారి ఒక డబ్బా గురించి రాస్తున్నాను. ఎయిర్‌పోర్టు గోడకు తగిలించి ఉండగా మీలో చాలామంది చూసే ఉంటారు. పైన గుండె బొమ్మ, ఆ గుండెలో ఒక మెరుపు గుర్తు. దాన్ని డీఫిబ్రిలేటర్ అంటారు. లయ తప్పిన గుండెకు కరెంటు షాక్ ఇచ్చి మళ్లీ దారిలో పెట్టే మెషీన్.

అమెరికాలో, ఇంగ్లండ్‌లో ఇవి ఎయిర్‌పోర్టుల్లోనే కాదు, ఊరి కమ్యూనిటీ హాళ్లలో, చర్చిల్లో, మసీదుల్లో, చిన్న చిన్న ఫుట్‌బాల్ క్లబ్బుల్లో కూడా కనిపిస్తాయి. మన లెక్కలో లక్ష రూపాయల చుట్టుపక్కల ఖరీదు చేసే మెషీన్‌ను చందాల మీద బతికే అంజుమన్‌లు ఎట్లా కొన్నాయి? చాలాచోట్ల అవి సొంతంగా కొనలేదు. హుకూమత్ గ్రాంటు ఇచ్చింది, లేదంటే ఏదో ఒక ఫండు ఇమ్దాద్ చేసింది. ఆ ఇమ్దాద్ ఎక్కడ మొదలైంది, ఎవరి చేతికి అందింది, ఎవరి చేతిలోంచి మళ్లీ గుంజుకున్నారు, నేను చెప్పదలచుకున్నది ఇదే.

ముందు ఒక మాట సాఫ్ చేసుకోవాలి. మనిషి ఉన్నట్టుండి కూలిపోయి చనిపోతే మన తెలుగు పత్రికల్లో ‘గుండెపోటుతో మృతి’ అని వస్తుంది. డెస్కుల్లో అదొక ఆదత్. కానీ గుండెపోటు వేరు, గుండె ఆగిపోవడం వేరు. మన ఇళ్లలో దిల్ కా దౌరా అంటామే, ఆ గుండెపోటు గుండె కండకు రక్తం అందించే నాళం మూసుకుపోతే వస్తుంది. ఛాతీలో నొప్పి, చెమటలు, ఘబ్రాహట్ ఉంటాయి. కానీ మనిషి చాలావరకు హోష్‌లోనే ఉంటాడు, మాట్లాడతాడు, దవాఖానాకు తీసుకుపోయే వ్యవధి ఉంటుంది. గుండె ఆగిపోవడం అట్లా కాదు. గుండెలో పుట్టే సన్నని కరెంటు దారి తప్పుతుంది. గుండె ముడుచుకుంటూ తెరుచుకుంటూ రక్తాన్ని నెట్టే పని మానేసి ఊరికే వణుకుతుంది. మా ఉర్దూ మీడియం బడిలో సైన్సు సార్ గుండెను ఖల్బ్ అనేవారు, షాయరీ పీరియడ్‌లో అదే దిల్ అయ్యేది. ధడకన్ అనే లఫ్జ్ మాత్రం రెండు పీరియడ్లలోనూ చెల్లేది. ఇక్కడ ఆ ధడకన్ పోయి థర్‌థరాహట్ మిగులుతుంది. కొన్ని సెకన్లలోనే మనిషి హోష్ తప్పి పడిపోతాడు. ఆ గుండెపోటే ముదిరి ఇట్లా గుండె ఆగిపోవడం కూడా ఉంటుంది కాబట్టి రెండూ ఒకటే అనుకుంటారు జనం.

ఆ వణుకు మొదలయ్యాక ఎవరూ ఏమీ చేయకపోతే, గడిచే ప్రతి నిమిషానికి బతికే అవకాశం వందలో ఏడు నుంచి పది పాళ్లు తగ్గిపోతుందని డాక్టర్లు లెక్కగట్టారు. ఛాతీ మీద రెండు చేతులతో నొక్కుతూ ఉంటే కొంత వక్త్ దొరుకుతుంది. కానీ వణుకు ఆగాలంటే షాక్ కావాలి. ఆ షాక్ గుండెలోని గందరగోళాన్నంతా ఒక్కసారిగా ఆపేస్తుంది, అప్పుడు గుండె తన సొంత తాళంలో మళ్లీ మొదలుపెట్టే మౌఖా దొరుకుతుంది. అంటే షాక్ మెషీన్ ఎంత మంచిది అన్న సవాల్ కన్నా అది ఎంత దూరంలో ఉన్నది అన్న సవాల్ పెద్దది. అందుకే దీని తారీఖ్ అంతా దవాఖానా నుంచి గల్లీ దాకా ఈ మెషీన్ నడిచి వచ్చిన తారీఖే.

1899లో జెనీవాలో ప్రెవో, బాతెలీ అనే ఇద్దరు సైంటిస్టులు కుక్కల మీద చేసిన తజ్రిబాలో ఒక వింత గమనించారు. కొద్దిపాటి కరెంటు గుండెను వణికిస్తున్నది, ఎక్కువ కరెంటు అదే వణుకును ఆపుతున్నది. ఆ మాట కాగితాల్లో పడి చాలా ఏళ్లు నిద్రపోయింది. దాన్ని లేపింది డాక్టర్ల రహమ్ కాదు, కరెంటు కంపెనీల అవసరం. అమెరికాలో ఊరూరా తీగలు లాగుతున్న రోజులవి. స్తంభాలెక్కే లైన్‌మన్‌లు షాక్ కొట్టి చనిపోతున్నారు. 1920ల చివర్లో న్యూయార్కు కరెంటు కంపెనీ పైసలిచ్చి, బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీలో ఈ మరణాల మీద పరిశోధన చేయించింది. ఆ పనిలో ఏళ్ల తరబడి కూర్చున్న విలియం కౌవెన్‌హోవెన్ డాక్టర్ కాదు, ఎలక్ట్రికల్ ఇంజినీర్. ఈ మెషీన్ వెనక పడ్డ మొదటి గ్రాంటుల్లో ఒకటి ఇట్లా స్తంభం మీద చనిపోయే మజ్దూర్ పేరు మీద వచ్చిందన్నమాట.

1947లో క్లీవ్‌లాండ్‌లో క్లాడ్ బెక్ అనే సర్జన్ ఆపరేషన్ బల్ల మీద గుండె ఆగిన 14 ఏళ్ల అబ్బాయిని షాక్‌తో బతికించాడు. అప్పుడు ఛాతీ తెరిచే ఉంది, షాక్ పలకలు నేరుగా గుండెకే ఆనించాడు. 1956లో బోస్టన్‌లో పాల్ జోల్ ఛాతీ కోయకుండా పైనుంచే షాక్ ఇవ్వొచ్చని చూపించాడు. 1960లో కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ ముగ్గురూ ఛాతీ మీద నొక్కితే రక్తం కదులుతుందని రాశారు. అది కూడా కుక్క ఛాతీ మీద బరువైన పలకలు గట్టిగా అదిమినప్పుడు దాని రక్తపోటు పెరగడం చూసి పట్టుకున్న సంగతి. ఆ తర్వాత బెర్నార్డ్ లౌన్ మెషీన్‌ను ఇంకా హిఫాజత్‌గా మార్చాడు. ఈ లౌన్ సాబ్ తర్వాతి కాలంలో అణుబాంబులకు వ్యతిరేకంగా డాక్టర్ల తంజీమ్ పెట్టాడు, దానికి 1985లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఆ ఖిస్సా మరోసారి.

మెషీన్‌ను మొదట బండెక్కించింది బెల్‌ఫాస్ట్‌లోని రాయల్ విక్టోరియా దవాఖానాలో పనిచేసే ఫ్రాంక్ పాంట్రిడ్జ్. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యానికి ఖైదీగా దొరికి, బర్మా రైలు మార్గంలో బానిస చాకిరీ చేసి బతికి బయటపడ్డ మనిషి. గుండె ఆగినవాళ్లలో చాలామంది దవాఖానా గడప తొక్కకముందే పోతున్నారని ఆయనకు తెలుసు. 1966లో ఆయన కార్ల బ్యాటరీలతో నడిచే షాక్ మెషీన్‌ను అంబులెన్సులో పెట్టి పంపడం మొదలుపెట్టాడు. దాని బరువు 70 కిలోలు. ఇద్దరు మనుషులు మోయాల్సిన మెషీన్! మరుసటి ఏడాది లాన్సెట్ పత్రికలో ఆ వివరాలు వచ్చాయి. కొన్నేళ్లలోనే మెషీన్ మూడు కిలోల పైచిలుకుకు దిగింది. అయినా దాన్ని వాడేది డాక్టరో నర్సో. మొహల్లా మనిషి చేతికి ఇంకా రాలేదు.

ఆ అడుగు పడింది అమెరికాలో, పిట్స్‌బర్గ్ అనే ఉక్కు కర్మాగారాల షహర్‌లో. ఈ భాగం గురించి నేను కాస్త తఫ్సీల్‌గా రాస్తాను, ఎందుకంటే మన ఉర్దూ పత్రికల్లోనూ తెలుగు పత్రికల్లోనూ ఇది పెద్దగా కనబడదు.

పిట్స్‌బర్గ్‌లో హిల్ డిస్ట్రిక్ట్ అని నల్లజాతి వాళ్ల బస్తీ ఉంది. ఒకప్పుడు దుకాణాలు, జాజ్ సంగీతంతో రౌనక్‌గా ఉన్న ఇలాఖా. 1950ల్లో షహర్‌ను కొత్తగా తీర్చిదిద్దుతామని చెప్పి ఒక పెద్ద అఖాడా లాంటి స్టేడియం కోసం ఆ బస్తీ కింది భాగాన్ని నేలమట్టం చేశారు. 8,000 మందికి పైగా ఇళ్లు పోయాయి. మిగిలినవాళ్లకు రోజ్‌గార్ లేదు, చుట్టూ శ్మశానంలా ఖాళీ జాగా. ఆ బస్తీలో ఎవరికైనా జబ్బు చేస్తే ఫోన్ చేయాల్సింది పోలీసులకు. పోలీసులు దొంగలను తీసుకుపోయే వ్యానులోనే రోగిని వెనక పడేసి దవాఖానాకు తోలేవాళ్లు. ఇద్దరు పోలీసులూ ముందు సీట్లలో కూర్చునేవాళ్లు, వెనక రోగి ఒక్కడే. నల్లవాళ్ల బస్తీకి ఆ వ్యాను కూడా ఎప్పుడొస్తుందో భరోసా లేదు. షహర్ బయట ఇంకో తమాషా. 1966లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ ఇచ్చిన రిపోర్టు ప్రకారం ఆ దేశంలోని అంబులెన్సుల్లో దాదాపు సగం నడిపేది శవాలను దఫన్ చేసే కంపెనీల వాళ్లే. శవాన్ని తీసుకుపోయే బండి, రోగిని తీసుకుపోయే బండి ఒకటే!

అదే 1966 నవంబర్ 4న పిట్స్‌బర్గ్ మాజీ మేయర్, పెన్సిల్వేనియా మాజీ గవర్నర్ డేవిడ్ లారెన్స్ ఒక ఎన్నికల జల్సాలో మాట్లాడుతూ కూలిపోయాడు. ఆ జల్సా జరిగిన హాలు పేరు ‘సిరియా మాస్క్’. పేరు విని మోసపోకండి, అక్కడ ఎన్నడూ అజాన్ వినబడలేదు. ష్రైనర్స్ అనే ఒక తెల్లవాళ్ల క్లబ్బు అరబ్బు షోకుతో కట్టుకున్న సభా భవనం అది. 1991లో కూల్చేశారు. సభలో ఉన్న ఒక నర్సు లారెన్స్ గుండెను నొక్కి నిలబెట్టింది. కానీ పోలీసు వ్యానులో దవాఖానాకు చేరేలోపు మెదడుకు గాలి అందక జరగాల్సిన నష్టం జరిగిపోయింది. మళ్లీ హోష్‌లోకి రాకుండానే 17 రోజుల తర్వాత చనిపోయాడు. గవర్నర్‌గా పనిచేసిన మనిషికి దొరికిన సవారీ కూడా గరీబుకు దొరికే ఆ వ్యానే.

ఆ షహర్‌లోనే పీటర్ సాఫర్ అనే మత్తు డాక్టర్ ఉండేవాడు. వియన్నాలో పుట్టినవాడు, నోటితో శ్వాస ఇవ్వడాన్ని శాస్త్రీయంగా నిరూపించినవాడు. అదే ఏడాది ఆయన, భార్య ఊళ్లో లేనప్పుడు వాళ్ల చిన్నకూతురు ఎలిజబెత్ ఆస్తమా ముదిరి చనిపోయింది. దవాఖానాకు చేరేలోపు జరగాల్సిన ఇలాజ్ జరగలేదు. సాఫర్ ఆ ఘమ్‌లోంచి లేచి అంబులెన్సు ఎట్లా ఉండాలో నక్షా గీయడం మొదలుపెట్టాడు. రోగి తలవైపు మనిషి కూర్చునే జాగా ఉండాలి, ఆక్సిజన్ ఉండాలి, గొంతులో అడ్డుపడ్డది పీల్చే యంత్రం ఉండాలి, గుండెను కనిపెట్టే, షాక్ ఇచ్చే సామాను ఉండాలి. అన్నిటికన్నా ముందు, వెనక కూర్చునే మనిషికి తాలీమ్ ఉండాలి.

మనుషులెక్కడ? ఫిల్ హాలెన్ అనే ఆయన మోరిస్ ఫాక్ మెడికల్ ఫండ్ అనే దాతృత్వ సంస్థకు సదర్. ఆయన చేతిలో పైసలున్నాయి. హిల్ డిస్ట్రిక్ట్‌లో ఫ్రీడమ్ హౌస్ ఎంటర్‌ప్రైజెస్ అని ఒక అంజుమన్ ఉంది, నల్లవాళ్లకు రోజ్‌గార్ చూపించడం దాని పని. దానికి లాభాపేక్ష లేదు, దాని దగ్గర మనుషులున్నారు. సాఫర్ దగ్గర ఇల్మ్ ఉంది. 1967లో ఈ ముగ్గురూ ఒక్క దస్తర్‌ఖాన్ మీద కూర్చున్నారు. ఫాక్ ఫండ్ ఇమ్దాద్ ఇచ్చింది, గరీబీ మీద పోరాటం పేరుతో ఢిల్లీ లాగా అక్కడ వాషింగ్టన్ ఇస్తున్న పైసల్లో కొంత తోడైంది. బస్తీలో బేకార్‌గా తిరుగుతున్న 25 మందిని మొదటి జమాత్‌గా తీసుకున్నారు. వాళ్లలో సగం మంది హైస్కూలు కూడా పూర్తి చేయలేదు. వియత్నాం జంగు నుంచి వచ్చినవాళ్లు, జైలు చూసి వచ్చినవాళ్లు ఉన్నారు. సర్కారీ కాగితాల్లో అట్లాంటివాళ్లకు ‘పనికి పనికిరానివాళ్లు’ అని పేరు. వాళ్లకు సాఫర్ సుమారు 300 గంటల తాలీమ్ ఇచ్చాడు. దవాఖానా ఆపరేషన్ గదుల్లో, ప్రసూతి వార్డుల్లో, శవాల గదిలో కూడా. అప్పటిదాకా అమెరికాలో అంబులెన్సు మనిషికి ఎవరూ అంత చదువు చెప్పలేదు.

1968లో బండ్లు రోడ్డెక్కాయి. మొదటి ఏడాదే దాదాపు 5,800 కాల్స్ అందుకొని, 4,600 మందికి పైగా రోగులను తీసుకుపోయారు. 200 ప్రాణాలు నిలిచాయని సాఫర్ లెక్క రాసుకున్నాడు. 1972లో 1,400 మంది రోగుల మీద ఒక అధ్యయనం జరిగింది. ప్రాణం మీదికొచ్చిన కేసుల్లో సరైన ఇలాజ్ చేసినవాళ్లెవరని చూస్తే, ఫ్రీడమ్ హౌస్ వాళ్లు నూటికి 89 సార్లు చేశారు, పోలీసులు 38 సార్లు. అంకెలు ఇట్లా ఉన్నా పోలీసులు చాలా కాల్స్ ఫ్రీడమ్ హౌస్‌కు చెప్పేవాళ్లు కాదు. వీళ్లే పోలీసుల రేడియో వింటూ కూర్చొని, ఎక్కడ మనిషి పడిపోయాడని వినబడితే అక్కడికి పోలీసుల కన్నా ముందు ఉరికేవాళ్లు. కొందరు తెల్లవాళ్లు నల్ల చేతులు తమను తాకొద్దనేవాళ్లు. ప్రాణం పోతున్న వేళ కూడా ఆ నఫ్రత్!

1974లో నాన్సీ కెరొలైన్ అనే యువ డాక్టర్ ఫ్రీడమ్ హౌస్‌కు మెడికల్ డైరెక్టర్‌గా వచ్చింది. ఆమె వీళ్లతో పాటు బండెక్కి రాత్రుళ్లు తిరిగేది. ఫెడరల్ హుకూమత్ దేశమంతటికీ పారామెడిక్ సిలబస్ తయారు చేయమంటే, దాన్ని ఆమె తయారు చేసి పరీక్షించింది ఈ మనుషులతోనే. ఆ అనుభవంలోంచి వచ్చిన ఆమె పుస్తకం ‘ఎమర్జెన్సీ కేర్ ఇన్ ద స్ట్రీట్స్’ తర్వాత ఎన్నో దేశాల్లో పాఠ్యగ్రంథమైంది. అంటే ఇవాళ డల్లాస్‌లో మన పిల్లలెవరైనా 911 కొడితే ఇంటికొచ్చే పారామెడిక్ చదివిన చదువు వేళ్లు హిల్ డిస్ట్రిక్ట్‌లో ఉన్నాయి.

అంత పేరొచ్చాక ఏం జరిగిందో చూడండి. మేయర్ పీట్ ఫ్లాహర్టీకి ఈ ఒప్పందం మొదటి నుంచీ గిట్టదు. షహర్ ఇవ్వాల్సిన పైసలు ఎప్పుడూ తక్కువే, అవీ దేర్‌గానే. తెల్లవాళ్ల ఇలాఖాలు మాకెందుకు ఇట్లాంటి అంబులెన్సు లేదని అడగసాగాయి. జాయిజ్ సవాలే. దానికి జవాబు ఫ్రీడమ్ హౌస్‌ను పెంచడం కావచ్చు. మేయర్ మాత్రం షహర్‌కు సొంత అంబులెన్సు మహకమా పెట్టి, ఫ్రీడమ్ హౌస్‌తో కాంట్రాక్టు ఆపేశాడు. 1975 అక్టోబర్ 15న ఫ్రీడమ్ హౌస్ బండ్లు ఆఖరిసారి తిరిగాయి. వాళ్లను కొత్త మహకమాలోకి తీసుకోవాలని కెరొలైన్ జిద్ చేసింది. తీసుకున్నారు. తర్వాత పరీక్షలు పెట్టారు, పాత జైలు రికార్డులు తవ్వారు, ఏడేళ్ల అనుభవం ఉన్నవాళ్ల మీద నిన్నమొన్న వచ్చినవాళ్లను అఫ్సర్లుగా కూర్చోబెట్టారు. ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఆఖరిదాకా నిలబడ్డ కొద్దిమందిలో జాన్ మూన్ ఒకడు, అసిస్టెంట్ చీఫ్ దాకా ఎదిగాడు. నా రాయ్ అడిగితే, ఇది రంగు ద్వేషం ఒక్కటే కాదు. గ్రాంటుకు ఎప్పుడూ ఇంకొకరి దస్తఖత్ కావాలి. ఏటేటా ఆ దస్తఖత్ కోసం ఎదురుచూసే అంజుమన్ ఎంత మెహనత్ చేసినా, దాని జడ తన మట్టిలో ఉండదు. ఫ్రీడమ్ హౌస్‌కు సొంత జాయదాద్ ఏమీ లేదు, వక్ఫ్ లాంటి ఆసరా లేదు. దస్తఖత్ ఆగింది, అంజుమన్ ఆగింది.

ఆ తర్వాత మెషీన్ మారింది. 1970ల చివర్లో, 80ల్లో తనంతట తానే గుండె లయను చదివే మెషీన్లు వచ్చాయి. వీటిని ఏఈడీ అంటారు. ఛాతీకి రెండు ప్యాడ్‌లు అంటిస్తే చాలు, షాక్ కావాలో వద్దో అదే చూసుకుంటుంది. అవసరం లేని గుండెకు షాక్ ఇవ్వమన్నా ఇవ్వదు. ‘దూరం జరగండి, బటన్ నొక్కండి’ అని మాట్లాడి చెప్తుంది. డాక్టర్ అవసరం తప్పింది. ఇక మిగిలింది అది ఎక్కడ ఉండాలి, ఎవరు కొనాలి అనేదే.

దీనికి పెద్ద సబూత్ వచ్చిన చోటు ఏదో చెప్తే నవ్వుతారు. జువాఖానాలు! అమెరికాలోని కాసినోల్లో సెక్యూరిటీ గార్డులకు ఏఈడీలిచ్చి తాలీమ్ ఇచ్చారు. 2000లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఈ రకం వణుకుతో గుండె ఆగిన 105 మందిలో 56 మంది దవాఖానా నుంచి నడిచి ఇంటికి పోయారు. మూడు నిమిషాల్లోపు షాక్ అందినవాళ్లలో నూటికి 74 మంది బతికారు. మామూలు గల్లీలో కూలిపోయినవాళ్లలో పది మందిలో ఒక్కడు బతకడం కూడా కష్టమైన రోజుల్లో ఇది. కారణం జూదం బర్కత్ కాదు, అస్తగ్‌ఫిరుల్లాహ్. అక్కడ ప్రతి మూలా కెమెరా కన్నేసి ఉంటుంది, పడిపోయిన మనిషి క్షణంలో కంటబడతాడు, పక్కనే తాలీమ్ ఉన్న గార్డు ఉంటాడు. జేబులో పైసలున్న చోట పహరా ఉంటుంది, పహరా ఉన్న చోట ప్రాణం నిలిచింది. ప్రార్థనా మందిరంలో, బస్తీ హాలులో ఆ పహరా ఎవరు పెట్టాలి?

ఆ సవాల్‌కు చట్టం రూపంలో వచ్చిన జవాబుల్లో ఒకటి 2000 నవంబర్ 13న క్లింటన్ దస్తఖత్ చేసిన ఖానూన్. అందులో ఒక భాగం, మంచి మనసుతో ఏఈడీ వాడినవాడి మీద కేసులు పడకుండా అడ్డం పెట్టింది. ఇంకో భాగం గ్రామీణ ఇలాఖాలకు ఏఈడీల కోసం గ్రాంటులు ఇచ్చింది, 2001 నుంచి 2003 దాకా రెండున్నర కోట్ల డాలర్ల వరకు ఖర్చు పెట్టొచ్చని రాసుకుంది. ఆ గ్రాంటు ఒక్క దవాఖానాకో పోలీసు స్టేషన్‌కో కాదు, ఇలాఖాలోని షరాకత్‌కు. ఫైర్ స్టేషన్, పోలీసులు, దవాఖానా, వాళ్లతో పాటు లాభాపేక్ష లేని స్థానిక అంజుమన్‌లు కలిసి అర్జీ పెట్టుకోవచ్చు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఏమిటంటే, ఆ పైసలు మెషీన్ కొనడానికి ఎంతో, దాన్ని వాడటం, ఛాతీ నొక్కడం నేర్పడానికీ అంతే జాయిజ్ అని ఖానూన్‌లోనే రాశారు. 2002లో షహర్ల కోసం కూడా ఇట్లాంటి ఖానూన్ చేశారు. తర్వాతి ఏళ్లలో బడ్జెట్‌లో ఆ ఖాతా చిక్కిపోతూ వచ్చింది. ఇదీ మళ్లీ దస్తఖత్ సంగతే.

నేర్పడం ఎందుకంత ముఖ్యమో 2004లో తేలింది. అమెరికా, కెనడాల్లో 993 చోట్ల, అంటే షాపింగ్ మాళ్లు, అపార్టుమెంట్ల లాంటి చోట్ల, 19,000 మందికి పైగా మామూలు జనానికి తాలీమ్ ఇచ్చి ఒక పరీక్ష చేశారు. సగం చోట్ల ఛాతీ నొక్కడం మాత్రమే నేర్పారు, సగం చోట్ల దాంతో పాటు ఏఈడీ కూడా ఇచ్చారు. మొదటి వాటిలో 15 మంది బతికితే, రెండో వాటిలో 30 మంది బతికారు. రెట్టింపు. దానికి ముందు షికాగో ఎయిర్‌పోర్టుల్లో చూసినప్పుడైతే, బతికించబడ్డ 11 మందిలో ఆరుగురికి షాక్ ఇచ్చినవాళ్లు ఏఈడీని ముందెన్నడూ వాడనివాళ్లే. అంటే మెషీన్ వాడటం కష్టమేమీ కాదు. చేయి వేయడానికి హిమ్మత్ కావాలి, తాలీమ్ ఇచ్చేది ఆ హిమ్మతే.

కానీ హిమ్మత్ కూడా బస్తీని బట్టే పంచబడింది. 2012లో అమెరికాలోని 29 షహర్లలో 14,000 మందికి పైగా గుండె ఆగిన కేసులు తీసి చూశారు. ధనిక తెల్లవాళ్ల ఇలాఖాతో పోలిస్తే గరీబు నల్లవాళ్ల ఇలాఖాలో పక్కవాళ్లు ఛాతీ నొక్కే అవకాశం దాదాపు సగమే. ఫ్రీడమ్ హౌస్ పుట్టిన దేశంలో ఆ తర్వాత 45 ఏళ్లకు ఈ లెక్క. అక్కడి మనుషులకు మనసు లేక కాదు. నేర్పడానికి ఎవరూ రాలేదు, గోడకు డబ్బా లేదు, పోలీసంటే ఖౌఫ్.

ఇంగ్లండ్ ఈ దారిలోకి కాస్త ఆలస్యంగా వచ్చింది. 2021 జూన్‌లో యూరో కప్ ఆటలో డెన్మార్క్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ మైదానంలోనే కూలిపోవడం, షాక్‌తో లేవడం మన పిల్లలు కూడా టీవీలో చూశారు. ఆ కొద్ది రోజులకే ప్రీమియర్ లీగ్ చిన్న ఫుట్‌బాల్ క్లబ్బులకు ఏఈడీలు కొనివ్వడానికి ఒక ఫండు ప్రకటించింది. 2022 డిసెంబర్‌లో అక్కడి హుకూమత్ పది లక్షల పౌండ్లు తీసి, కమ్యూనిటీ సంస్థలకు సుమారు 1,000 ఏఈడీలు ఇస్తామన్నది, మరుసటి ఏడాది దరఖాస్తులు తీసుకున్నారు. పూర్తి ఖర్చు అందరికీ ఇవ్వలేదు, కొంత సంస్థ కూడా వేసుకోవాలి. ఇక్కడే ఎందుకు కావాలి, జనం ఎంతమంది వస్తారు, దగ్గర్లో ఇంకో మెషీన్ ఉందా అని అడిగారు. బ్రిటిష్ హార్ట్ ఫౌండేషన్ వాళ్లు అంబులెన్సు మహకమాలతో కలిసి నడిపే ‘ద సర్క్యూట్’ అనే జాబితా ఒకటుంది. మెషీన్ అందులో నమోదై ఉంటేనే, అంబులెన్సుకు ఫోన్ చేసినవాడికి ‘ఫలానా హాలు గోడకు ఉంది, తెచ్చుకో’ అని చెప్పగలుగుతారు. అక్కడి ముస్లిం డాక్టర్ల అంజుమన్ బ్రిటిష్ ఇస్లామిక్ మెడికల్ అసోసియేషన్ ఏడాదికోసారి మసీదుల్లో ఛాతీ నొక్కడం, ఏఈడీ వాడటం నేర్పుతూ వస్తున్నది. బొమ్మ ఛాతీ మీద ఇమామ్ సాబ్‌లు కూడా చేతులు పెట్టి నొక్కుతున్న ఫోటోలు చూస్తే నాకు ఖుషీ అవుతుంది.

మన దగ్గర? 2005 ఆగస్టు 15న హైదరాబాద్ నుంచి 108 మొదలైంది. లాభాపేక్ష లేని సంస్థ, హుకూమత్ కలిసి నడిపిన నమూనాయే అది. 2023 మార్చిలో తెలంగాణ హుకూమత్ సీపీఆర్ తాలీమ్ కార్యక్రమం మొదలుపెట్టింది, ఏఈడీలు కూడా పెడతామన్నది. 2019లో మార్చిన మోటారు వాహనాల ఖానూన్ రోడ్డు ప్రమాదంలో సాయం చేసినవాడికి హిఫాజత్ ఇస్తున్నది. ఆ దఫా మాత్రం రోడ్డు ప్రమాదాల వరకే. షాదీఖానాలో వలీమా తింటూ కూలిపోయిన పెద్దమనిషి దాని పరిధిలోకి రాడు.

ఈ మధ్య కొన్ని జమాత్‌లు, యువజన సంఘాలు ఏఈడీ కోసం చందా వేద్దామా అని నన్ను అడుగుతున్నాయి. బేషక్ వేయండి. అయితే చందా పుస్తకంలో మెషీన్ ఖరీదు పక్కన ఇంకో మూడు వరుసలు రాసుకోండి. ప్యాడ్‌లకు మియాద్ ఉంటుంది, రెండు మూడేళ్లలో మార్చాలి. బ్యాటరీ కూడా కొన్నేళ్లకు అయిపోతుంది. ఏటా కనీసం ఇరవై మందికి, అందులో ఔరతులకు కూడా, తాలీమ్ ఇప్పించాలి, ఎందుకంటే గుండె ఎక్కువగా ఆగేది ఇళ్లలోనే. డబ్బాకు తాళం వేయకండి, వేస్తే ఇషా తర్వాత చాబీ ఎవరి దగ్గరుంటుందో ముందే తేల్చుకోండి. 108 వాళ్లకు మీ దగ్గర మెషీన్ ఉందని రాసి ఇవ్వండి.

ఈ 108 తొలి రోజుల తారీఖ్ కూడా ఒక పెద్ద ఖిస్సా. ఇన్షాఅల్లాహ్, వచ్చేసారి దాని గురించి రాస్తాను.